ఉగ్గుగిన్నెడు జున్నుపాలు

3 నవంబరు 1982, బుధవారం. పుంగనూరు.

క్యాలెండర్‌లో ఫిబ్రవరి ఎనిమిదో తేదీ గడిలో నా భార్య సుభద్ర పెన్సిల్‌తో ఇంజెక్షన్ అని రాసి పెట్టింది. ఆ రోజు చూడి కట్టించడానికి ఆవును తనే పశువుల ఆసుపత్రికి నడిపించుకుపోయింది. నేను స్కూల్లో ఉన్నాను. ఏప్రిల్లో తను పోయింది. క్యాలెండర్‌లో నెలలు చింపుతూ వచ్చాను గానీ ఫిబ్రవరి కాగితాన్ని మడిచి దాచాను.

లెక్క ప్రకారం ఈ నెల పదిహేనుకు అటూ ఇటూ ఈనాలి. ఆవుకు నాలుగో ఈత. నాకు మొదటిది.

9 నవంబరు

పొదుగు దిగింది. దాణా పెంచాలో తగ్గించాలో తెలీదు. తను ఉన్నన్నాళ్లూ కొట్టం వైపు చూసినవాణ్ణి కాను. నేచురల్ సైన్స్ మాస్టర్ని. కప్ప గుండెకు ఎన్ని గదులో మాత్రం తెలుసు.

ఆవు పేరు కుప్పమ్మ. జెర్సీ క్రాసు. ఏడేళ్ల కిందట సుభద్ర పుట్టిల్లు కుప్పం నుంచి దూడగా తెచ్చుకున్నాం. లారీలో నేను డ్రైవర్ పక్కన, ఇస్త్రీ చొక్కాలో. తను వెనక, వరిగడ్డి మీద, దూడను పట్టుకుని. పలమనేరులో టీకి ఆపితే దిగనంది. దూడ బెదురుతుందట. గ్లాసు పైకి అందించాను. దూడ మూతి పెట్టి టీ అంతా తన చీర మీద ఒలకబోసింది. ఎంత నవ్విందో. అంత నవ్వు మళ్లీ నవ్వలేదు. లేదా నేను చూడలేదు.

12 నవంబరు

రాయకుండా ఉండలేకపోతున్నాను.

1977. కుప్పమ్మ తొలి ఈత. వీధిలో పదహారు ఇళ్లు. ఆవు ఈనితే ఇంటింటికీ చెంబుడు జున్నుపాలు పంపడం ఇక్కడి మర్యాద. సుభద్ర ఉగ్గుగిన్నెతో పంపింది. ఇంటికి ఒక ఉగ్గుగిన్నెడు. అంతే.

పిల్లలు లేని ఇంట్లో ఆ గిన్నె ఎందుకుందో వీధికంతా తెలుసు. కొళాయి దగ్గర ఎదురింటి ఆదెమ్మ, ఈ పాలు మా పిల్లికి నాలిక తడస్తాదా, అందట. ఆడోళ్లంతా నవ్వారట. ఆ రోజు నుంచి వెనకాల ఆమె పేరు ఉగ్గుగిన్నె సుభద్రమ్మ.

సాయంత్రం ఇంటికొచ్చి అరిచాను. నా పరువు తీస్తున్నావన్నాను. తను ఒకటే మాట అంది. ఆవు మనది, పొదుగు దానిది అని. అర్థం ఏమిటని నేను అడగలేదు. ముందు పెట్టిన జున్ను ముట్టకుండా లేచిపోయాను.

తర్వాతి రెండు ఈతలకూ తను ఆ గిన్నెతోనే పంపింది. జున్ను మాత్రం నాకు మళ్లీ పెట్టలేదు.

14 నవంబరు, ఆదివారం

తోక మొదట్లో గుంటలు పడ్డాయి. పక్క వీధి జట్కా మస్తాన్ వచ్చి చూశాడు. రేపు తెల్లారేలోపల అయిపోతాది సార్, మీరు ఆవు కంటే ఎక్కువ ఆయాసపడతాండారు, అన్నాడు.

15 నవంబరు, సోమవారం. సాయంత్రం.

పొద్దున ఆరుకు ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లమచ్చ, తల్లికి ఉన్నట్టే. మాయ పదింటికి పడింది. లీవు పెట్టాను. పాతికేళ్ల సర్వీసులో ఆవు కోసం మొదటి లీవు.

పాలు మస్తాన్ పిండాడు. సగం బకెట్ దగ్గర ఆపి, ఇంక సాలు గదా సార్, అన్నాడు. కడ చుక్క దాకా పిండమన్నాను. సాయంత్రం కూడా అంతే. పదహారు ఇళ్లకూ చెంబు నిండా పంపాను. ఇంటి పేరుకు పట్టిన మచ్చ ఈ రోజు పోవాలి. సుభద్ర ఇక పిసినారి కాకూడదు.

ఆదెమ్మ గడపలోకొచ్చింది. అయివోరి సెయ్యి పెద్దదమ్మా, ఇన్నాళ్లూ యాడ దాసిపెట్టినావప్పా, అంది. సంతోషించాను. సిగ్గు లేకుండా సంతోషించాను.

16 నవంబరు. ఉదయం 7.

కుప్పమ్మ లేవడం లేదు. తల డొక్క మీదికి తిప్పుకుని పడుకుంది. చెవులు ఐసు. దూడ అరుస్తుంటే కన్ను కూడా తిప్పడం లేదు. మస్తాన్ డాక్టర్ కోసం సైకిల్ మీద పోయాడు.

ఆదెమ్మ ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. అన్నన్ని పాలు సూస్తే ఏ కన్నయినా పడతాది, నా కన్నే పడిండాదేమో, అని ఏడ్చింది.

ఈ ఆవు పోతే సుభద్ర చేతి పని ఇంట్లో ఇంకేదీ మిగలదు.

అదే రోజు, మధ్యాహ్నం.

డాక్టర్ శ్రీనివాసులు బండి దిగుతూనే చెవి పట్టుకుని చూశాడు. పాలజ్వరం సార్, పేరుకే జ్వరం, ఒళ్లు సల్లబడిపోతాది, అన్నాడు. రక్తంలోని కాల్షియం అంతా పాలల్లోకి పోయిందట. కాల్షియం ఎముకలకు అవసరం అని పాతికేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను.

బాటిల్ వేడినీళ్లలో పెట్టి, మెడ నరానికి సూది ఎక్కించాడు. బాటిల్ పైకెత్తి నేను పట్టుకున్నాను. ఎంత పిండినారు సార్, అన్నాడు. చెప్పాను. కడ సుక్క దాకనా, అని నా ముఖం వైపు చూశాడు. ఇట్లా పాలావులకు మొదటి రెండు మూడు దినాలు పొదుగు ఖాళీ చెయ్యకూడదట. దూడ తాగినంత తాగాలి, కొంచెం పిండాలి, మిగతాది వదిలెయ్యాలి.

తర్వాత అన్నాడు. అమ్మగారికి తెలుసు గదా సార్, ఇంజెక్షనుకు వచ్చినపుడు ఆమే నాకు చెప్పింది, కుప్పంలో వాళ్ల నాయన ఆవు ఇట్లే ఊరందరికీ జున్నుపాలు పంచిన మర్నాడు చచ్చిపోయిందంట, అని.

చెయ్యి దిగిపోతున్నట్టుంది, పైకెత్తండి సార్, అన్నాడు.

బాటిల్ అయ్యేసరికి కుప్పమ్మ త్రేన్చింది. ఒళ్లంతా వణికింది. పేడ వేసింది. అరగంట తర్వాత మొదట వెనక కాళ్లు, ఆపైన ముందు కాళ్లు. లేచింది. మస్తాన్ యా అల్లా అని నేల మీద కూలబడ్డాడు. నేను బాటిల్ ఇంకా పైకెత్తి పట్టుకునే ఉన్నాను. అది ఖాళీ అయి చాలాసేపయింది.

17 నవంబరు

కొంచెమే పిండించాను. ఉగ్గుగిన్నె వెతికి తోమాను. ఆదెమ్మ ఇంటికి నేనే తీసుకుపోయి, అంతా చెప్పాను. డాక్టర్ మాట, కుప్పం ఆవు మాట.

ఆదెమ్మ గిన్నెను రెండు చేతులా అందుకుంది. ఆ మాట అప్పుడే ఒకసారి సెప్పుంటే నా పాడు నోరు మూసుకునిందును గదా అయివోరా, యాల సెప్పలేదు, అంది.

ఎవరూ అడగలేదు, అన్నాను. ఇంట్లోవాడే అడగలేదు.

18 నవంబరు

గిన్నె తిరిగొచ్చింది. ఖాళీగా కాదు. అడుగున బెల్లం ముక్క.

ఆ బెల్లంతోనే వండాను. నాలుగోనాటి పాలు, సరిగ్గా గట్టిపడలేదు. రెండు ముద్దలయింది. ఒకటి తిన్నాను. తర్వాత రెండోది, 1977లో ముట్టనిది, తిన్నాను.