కత్తెర మాస్టారిని తీసుకుపోవద్దని

వృద్ధుల సంరక్షణ విభాగం ప్రధానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భర్తను ఈ గురువారం ఉదయం పది గంటలకు సంరక్షణ కేంద్రమునకు తరలించవలెనన్న ఉత్తర్వును నిలిపివేసి, ఇంట్లోనే ఉండి చూసుకునే సహాయకుణ్ణి తిరిగి పంపవలెనని కోరుట గురించి.

నేను రెండో అంతస్తు ఎడమవైపు వాటాలో నలభై ఒక్క సంవత్సరములుగా కాపురముంటున్నాను. నా భర్త ఇదే వీధిలో సెలూన్ నడిపిరి. చుట్టుపక్కల వాళ్ళంతా ఆయన్ని కత్తెర మాస్టారు అంటారు. ఆరేళ్ళుగా ఆయనకు వణుకు జబ్బు. నాకు డెబ్బై మూడేళ్ళు, తుంటి ఎముక ఒకసారి విరిగి అతికినది. ఆయన్ని మంచం మీంచి లేపే బలం నాకు లేదు. ఈ రోజు సోమవారం. నాకున్న సమయం తక్కువ, తమకు చదివే ఓపిక ఎంత ఉందో తెలియదు, కావున సూటిగా విన్నవించుచున్నాను.

1. తమ కార్యాలయం వారు గత నెలలో పద్నాలుగు రోజుల పరీక్షా కాలమునకు ఒక సహాయకుణ్ణి మా ఇంట ఉంచిరి. అతను పూర్వం బస్సు కండక్టరు. ముందు గదిలో మడత మంచం వేసుకుని పడుకునేవాడు. నా భర్త జబ్బులో ఒక చిక్కుంది. నడుస్తూ నడుస్తూ గుమ్మం దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోతాయి. బతిమాలితే కదలవు, లాగితే పడతారు. స్నానాల గది గుమ్మంలో అరగంట నిలబడిపోయిన రోజులున్నాయి. కండక్టరు మొదటి రోజే అది చూసి, గోడ మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, "రైట్... రైట్" అన్నాడు. కాలు లేచింది. మా ఆయన గుమ్మం దాటి, "నా స్టాపు వస్తే చెప్పవయ్యా" అన్నారు. ఆయన వేళాకోళం విని ఎన్నేళ్ళయిందో. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు, అయినా రాశాను.

2. పద్నాలుగో రోజున తమ పరిశీలకుల వారు వచ్చిరి. చేతుల స్థితి చూపమనగా, నా భర్త వారి తల వంక చూసి, "ఎడమ చెవి వెనక జుట్టు ఎవరు కొరికారండీ ఇలా?" అని అడిగి కత్తెర తెమ్మన్నారు. ఆయన చేతికి నీళ్ళ గ్లాసు ఇస్తే చొక్కా తడుస్తుంది. చెంచా ఇస్తే ముద్ద నోటిదాకా వెళ్ళదు. కత్తెర ఇస్తే మాత్రం ఒక పది నిమిషాలు చెయ్యి నిలబడుతుంది. ఎందుకని అడిగితే డాక్టరు గారు యాభై ఏళ్ళ అలవాటమ్మా అన్నారు. పరిశీలకుల వారు మెడ వెనక సాఫు చేయించుకుని, అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "చేతుల స్థిరత్వం సంతృప్తికరం, సహాయకుని అవసరం లేదు" అని ఫారంలో వ్రాసుకొనిపోయిరి. మర్నాడు కండక్టరును వెనక్కి పిలిపించిరి.

3. ఆ తర్వాత నాలుగో రోజున నా భర్త మళ్ళీ గుమ్మంలో ఆగిపోయారు. నేనూ గోడ కొట్టి రైట్ రైట్ అన్నాను. నా గొంతుకి కాలు లేవలేదు సరికదా, ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పడ్డారు. నుదుటికి ఆరు కుట్లు. ఆసుపత్రి నుండి తమకు కాగితం అందగా, "ఇంట ఉండుట క్షేమకరం కాదు" అని తమరు ఉత్తర్వు ఇచ్చిరి. ఒకే మనిషి పది రోజుల వ్యవధిలో సహాయకుడు అక్కర్లేనంత బాగున్నవాడూ, సొంత ఇంట్లో ఉండకూడనంత బాగోలేనివాడూ ఎట్లయ్యెనో దయచేసి తెలియజేయవలెను. రెండు కాగితాల మీదా సంతకం తమదే.

4. కేంద్రం వెళ్ళి చూసి వచ్చాను. శుభ్రంగా ఉంది, అబద్ధం చెప్పను. అక్కడి నర్సు కూడా మంచిదే.

"గుమ్మం దగ్గర ఆగిపోతే ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"ఆగేదాకా ఎందుకండీ, మొదటి రోజు నుంచే చక్రాల కుర్చీలో కూచోబెట్టేస్తాం" అంది.

"మరి నడకో?"

"ఇరవై ఎనిమిది మందికి ఇద్దరమే ఉన్నామండీ" అంది.

ఆ పిల్లను నేను తప్పు పట్టను. నడిచే మనిషిని కూచోబెడితే ఎన్నాళ్ళకు నడక పోతుందో తమకు తెలియనిది కాదు. వెంట తేకూడని వస్తువుల జాబితా కూడా ఇచ్చింది. అందులో మొదటిది కత్తెర. నేను కూడా ఆయనతో ఉండిపోవచ్చునా అని అడుగగా, తమ ఆరోగ్య పరీక్షలో నా మార్కులు బాగున్నందున అర్హత లేదనిరి. వారానికి రెండు రోజులు, నాలుగు నుంచి ఐదు వరకు వచ్చి చూసి పోవచ్చునట.

5. ఈ ఫిర్యాదు నా మీద నేనే చేసుకొనుచున్నాను. పరిశీలకుల వారు వచ్చేది రెండు రోజుల ముందే ఉత్తరం ద్వారా తెలిసింది. ఇంటికి ఒక పెద్దమనిషి వస్తుంటే ఇల్లు ఎలా ఉంటే అలా వదిలేస్తామా? పొద్దున్నే ఇల్లంతా కడిగాను. మంచం పక్కన ఉండే కమోడ్ కుర్చీని పరదా వెనక్కి నెట్టాను. ఆయన ఒలకకుండా తాగే మూత గ్లాసు బీరువాలో పెట్టాను. చొక్కా గుండీలు నేను పెట్టి, ఆయనే పెట్టుకున్నారండీ అని చెప్పాను. కండక్టరుని బజారుకి పంపేశాను.

వెళ్ళేముందు అతను గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇవాళ ఒక్క రోజు నన్ను ఇక్కడే ఉండనివ్వండి. మనకి ఎంత పనుందో ఆయన చూడాలి కదా" అన్నాడు.

"నువ్వు ముందు వెళ్ళు నాయనా" అన్నాను.

ఇబ్బందులేమైనా ఉన్నాయా అని పరిశీలకుల వారు అడిగితే, మాకేం లోటు లేదండీ అన్నాను. నా భర్తను చేతగానివాడని పరాయి మనిషి ఫారంలో రాసుకుంటుంటే చూడలేకపోయాను. అందుకే దాచాను. దాచింది నేనైతే గురువారం వ్యాను ఎక్కవలసింది ఆయన.

6. కండక్టరును ఇంకా ఎవరి ఇంటికీ కేటాయించలేదని విచారించి తెలుసుకున్నాను. అతని మంచం ముందు గదిలో వేసినది వేసినట్టే ఉంది.

కావున తమరు మరల పరిశీలకులను పంపవలెను. రేపైనా సరే, ఎల్లుండైనా సరే, ముందుగా ఉత్తరం వేయకుండా పంపవలెను. తలుపు గడియ పెట్టను. ఇల్లు ఊడ్వను. కమోడ్ కుర్చీ ఎక్కడిదక్కడే ఉంటుంది. వీలైతే తమరే ఈ మనవి చిత్తగించి, రెండంతస్తుల మెట్లూ ఎక్కి రావలెను.

తమ విధేయురాలు,
కత్తెర మాస్టారి భార్య

తా.క.: రోగి సంతకం కూడా ఉండాలని తమ గుమాస్తా గారు చెప్పినందున ఆయన చేత పెట్టించాను. కింద కనిపించేవి పిచ్చిగీతలు కావు, సంతకమే. పావుగంట పట్టింది. క్రితంసారి ఫారంలో చక్కగా ఉన్న సంతకం నేను పెట్టినది. ఆయన ఇదంతా చదివించుకుని విని, "కుర్చీ సంగతి కూడా రాశావా?" అన్నారు. రాశానన్నాను. నుదుటి మీది కుట్లు తడుముకున్నారు. తర్వాత, "రాస్తే రాశావులే. ఆ వచ్చినాయనకి కుడి చెవి వెనక ఇంకాస్త మిగిలిపోయింది, రమ్మను" అన్నారు. వారిని తప్పక పంపండి. కానీ ఈసారి నా భర్త చేతికి కత్తెర ఇవ్వవద్దని చెప్పండి. ఒక గ్లాసు నీళ్ళు ఇచ్చి చూడమనండి.