హిస్సోపు మొక్క కేసు

జూన్ 9, సోమవారం

నేను చెప్తున్నాను, ఎదురింటి కోడలు సుష్మిత రాస్తోంది. నాకు చదువు లేదు. తేదీలతో రాయిస్తేనే కంప్లయింటు నిలుస్తుందని నాగాయలంక మండలాఫీసులో అన్నారు.

మా దొడ్డి గట్టు పక్కనే నరేంద్ర రొయ్యల చెరువు తవ్వాడు. ఆ చెరువు ఉప్పునీళ్ళు ఊరి నా హిస్సోపు మొక్క చస్తోంది. నోరు తిరగని పేరు. తులసిలాంటి ఘాటు, నీలం పూల కంకులు. మా అమ్మాయి పూర్ణిమ ఊటీలో టీచరు. కిందటి డిసెంబరులో అక్కణ్ణించి తెచ్చి నాటింది. మార్చిలో పిల్ల పోయింది. కామెర్లు.

నరేంద్ర నన్ను పిన్నీ అంటాడు. ఇక అనొద్దని చెప్పాను.

జూన్ 14, పొద్దున ఆరు

కింది ఆకులు నల్లబడ్డాయి. పూలు రాలగానే కత్తిరిస్తే ఏటేటా పూస్తుందని పూర్ణిమ చెప్పింది. పూలు లేని లేత కొమ్మలు బెత్తెడేసి తుంచి, అడుగు ఆకులు తీసి, ఇసకలో గుచ్చితే వేళ్ళు వస్తాయని కూడా చెప్పింది. ఏడు గుచ్చాను. ఇది పోయినా అవి మిగలాలి. పూటపూటకీ తడుపుతున్నాను.

జూన్ 21

ఏడూ కుళ్ళాయి.

జూన్ 24

హార్టికల్చర్ ఆఫీసరు గిరిధర్ గారు వచ్చారు. మీటరు పెట్టి మట్టి చూశారు, నీళ్ళు చూశారు. ఉప్పు లేదన్నారు. మొక్కను పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. వేళ్ళు జావ.

రోజుకెన్నిసార్లు పోస్తారని అడిగారు. రెండు పూటలా బిందెడు, మధ్యాహ్నం బియ్యం కడిగిన నీళ్ళు అని గొప్పగా చెప్పాను. కాలవ కింద పుట్టినదాన్ని. మడి ఆరితే ముద్ద దిగని ఇల్లు మాది.

ఆయన ఆ వేళ్ళు నాకు చూపించారు. "ఇది రాళ్ళ నేల మొక్కమ్మా. మీరు వదిలేసుంటే బతికేది" అన్నారు.

రాయి సుష్మితా, ఇదీ రాయి.

నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దని పూర్ణిమ చెప్పే ఉంటుంది. చెప్పకుండా ఉండదు. దాని మాట నేనెప్పుడు పూర్తిగా విన్నాను?

జూన్ 25

నరేంద్ర ఇంటికి వెళ్ళి తప్పు నాదేనన్నాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"పోన్లే పిన్నీ, మొక్కేగా. ఇంకోటి తెప్పిస్తాలే" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

జూన్ 27

కంప్లయింటులో నష్టం చేసినవారు అన్నచోట నరేంద్ర పేరు కొట్టేయించాను. అక్కడ నా పేరు రాయనని సుష్మిత అంది. ఆ ఖాళీలో నేనే వేలిముద్ర వేశాను.