దండెం మీద గ్లౌజులు

ఫిబ్రవరి 3

పోయినేడాది డైరీ ఇది. మేరీ మేడమ్ ఇచ్చారు. వారాలు కలవవు. తేదీ ఒక్కటే నమ్మాలి.

పొద్దున బీచ్‌లో ప్రాక్టీసు. ఎడమ మోచెయ్యి మళ్ళీ గీరుకుపోయింది. ఇసకలో దూకడం వేరు, గడ్డి మీద దూకడం వేరు అంటారు మేడమ్. బళ్ళో డ్రిల్లు చెప్పిన రోజుల నుంచీ అదే మాట. గడ్డి ఎక్కడుంది మేడమ్ అంటే నవ్వుతారు.

ఫిబ్రవరి 5

వచ్చింది.

మేడమ్ స్కూటరు తిన్నగా పేటలోకి వచ్చేసింది, పిల్లలంతా వెనకాలే. ఆడపిల్లల ఇండియా ఫుట్‌బాల్ టీముకి చెన్నైలో క్యాంపు. ఏషియా దేశాల టోర్నమెంటు కోసం. పిలిచిన వాళ్ళలో నా పేరుంది — నూకరత్నం, గోల్‌కీపర్. మేడమ్ ఉత్తరం రెండుసార్లు చదివారు. నేను మూడోసారి చదివించుకున్నాను.

కీపర్లని ఐదుగుర్ని పిలిచారు. తీసుకెళ్ళేది ముగ్గుర్ని.

అమ్మ సీతమ్మధార అంతా తిరిగి, చేపలమ్ముకుని అప్పుడే గంప దించుతోంది. అంతా విన్నది. "నువ్వు గోలు ఎయ్యవు గదా, ఆపుతావు. ఆపినోళ్ళని ఎవులు సూత్తారే" అంది. అని, మేడమ్‌కి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాదు. టీ వచ్చేసరికి అమ్మ ముక్కు ఎర్రగా ఉంది.

ఫిబ్రవరి 7

గ్లౌజులు ఉతికాను. మేడమ్ తమ్ముడు ఓడలో పనిచేస్తాడు, సింగపూర్‌లో కొని తెచ్చాడు. పసుపు రంగు. తడిపి తొడుక్కుంటేనే బంతి అంటుకుంటుంది, ఆట అయ్యాక ఆరేయాలి. మా ఇంట్లో ఆరేసే చోటు ఒక్కటే — పెరట్లో దండెం. కింద వల మీద నెత్తళ్ళ చేపలు ఎండుతుంటాయి. ఆ గ్లౌజుల వాసన సంగతి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 9

రేపు ప్రయాణం. పేటంతా తెలుసు. ఒక్కరూ అడగరు. చేపల వేటకి వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదు, ఎప్పుడొస్తావని అడగకూడదు, గుమ్మం దాటాక వెనక నుంచి పిలవకూడదు. నాకూ అదే మర్యాద. పడవకీ పిల్లకీ ఒకటే రూలు.

నాన్న మాత్రం, రైల్లో పై బెర్తు ఎక్కి పడుకో, కింద అయితే జనం కూర్చుంటారు అన్నాడు. ఇంతవరకు ఆయన రైలెక్కలేదు.

ఫిబ్రవరి 10

బయల్దేరాను. సందు మలుపులో ఓరగా చూశాను — అమ్మ గుమ్మంలో ఉంది. నోరు తెరిచింది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందనుకున్నాను. గబగబా నడిచేశాను.

సీతమ్మధారలో మేడమ్ ఇంట్లో ప్రార్థన. పెద్ద ప్రార్థనే. నా రెండు చేతుల పేరూ చెప్పి అడిగారు ప్రభువుని. తర్వాత స్టేషన్‌లో దింపారు.

బండి కదిలింది. దువ్వాడలో ఆగింది. ప్లాట్‌ఫారమ్‌కి అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చుని సమోసాలు తిన్నాను — రెండు. హాయిగా.

అనకాపల్లి దాటాక సంచీ తెరిచాను.

గ్లౌజులు లేవు.

దండెం మీద ఉన్నాయి. నిన్న సాయంత్రం నేనే వేశాను. ఇంతకంటే బుద్ధిలేని పిల్ల ఈ బండిలో ఉండదు.

ఫిబ్రవరి 12

క్యాంపు. గడ్డి! మోకాలు వేస్తే మెత్తగా. పొద్దున చెప్పులు విప్పి కాసేపు ఊరికే నిలబడ్డాను.

కీపర్లం ఐదుగురం. మణిపూర్ నుంచి సనతోంబి — ఇండియాకి ఆడిన పిల్ల, ఆవిడ ఖాయం. బెంగాల్ నుంచి రీనా, పొడుగు, నాకంటే జానెడు ఎత్తు. మిగతా ఇద్దరు ఢిల్లీ, గోవా. చేతికి గ్లౌజులు లేని కీపర్ని నేనొక్కత్తినే. కోచ్ సర్ నా చేతులు చూశారు, నా ముఖం చూశారు, ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సనతోంబి తన పాత జత ఇచ్చింది. బొటనవేలు చిరిగింది, అరచెయ్యి నున్నగా అరిగిపోయింది. అడక్కుండానే ఇచ్చింది, అదే గొప్ప.

ఫిబ్రవరి 13

బంతి జారుతోంది. పట్టుకోవాల్సినవన్నీ నెట్టేస్తున్నాను. నెట్టినవి మళ్ళీ వచ్చి గోల్ అవుతున్నాయి. పట్టుకో, నెట్టకు — సర్ ఇదొక్కటే చెప్తున్నారు, హిందీలో, ఇంగ్లీషులో.

పట్టుకోవాలనే ఉంది సర్.

ఫిబ్రవరి 14

ఎస్టీడీ బూత్. మా వీధి చివర సోడా కొట్టు ఫోనుకి చేశాను. అమ్మని పిలుచుకొచ్చేదాకా మీటరు అలా తిరుగుతూనే ఉంది. వచ్చి, తిన్నావా అని అడిగింది. గ్లౌజులమ్మా అన్నాను.

"ఉన్నాయే. దండెం మీద సూసినాను."

ఎప్పుడు?

"నువ్వు సందు మలుపు తిరుగుతన్నప్పుడు."

అంటే ఆ నోరు తెరవడం, ఆ చెంగు — ఏడవడం కాదు! చూసింది. చూసి పిలవలేదు. ఒక్క కేక, ఒక్క "రత్నా" — అంతే కదా, పది అడుగుల దూరం. గట్టిగా అరిచాను. బూత్‌లో జనం చూశారు.

అమ్మ మాత్రం నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. పిలిస్తే నువ్వు ఎనక్కి తిరగాలి గదే అంది. సరే, స్టేషన్‌కైనా రావచ్చు కదా అన్నాను.

"స్టేషనుకొత్తే నీ ఎనకాలే గదే వచ్చినట్టు. దువ్వాడైతే నీకు ముందర. ఎదురుగా వచ్చి ఇయ్యాలని దువ్వాడెల్లినాను."

మద్దిలపాలెం వెళ్ళి బస్సెక్కిందట. గాజువాక దగ్గర స్టీలు ప్లాంటు షిఫ్టు బస్సులన్నీ ఒకేసారి రోడ్డు మీదికి వచ్చేశాయట. ఇరుక్కుపోయిందట. దువ్వాడలో మెట్లెక్కి వంతెన దిగేసరికి బండి కదులుతోందట. గ్లౌజులు పైకెత్తి పట్టుకుని ప్లాట్‌ఫారమంతా పరిగెత్తిందట.

నేను అవతలి కిటికీ దగ్గర సమోసా తింటున్నాను.

ఫోను పెట్టేసేముందు ఏదో పంపించానంది. హార్బరు, లారీ అంది. సరిగా వినలేదు, అరుస్తున్నాను.

ఫిబ్రవరి 15

కోపం తగ్గలేదు. అమ్మ మీదో, సమోసాల మీదో తేలడం లేదు.

ప్రాక్టీసు మ్యాచ్. మూడు గోల్స్. గోవా పిల్ల నాకంటే బాగా ఆడింది.

ఫిబ్రవరి 16

హాస్టల్ వాచ్‌మన్ ముక్కు మూసుకుని తలుపు కొట్టాడు. చేతిలో పొట్లం, న్యూస్‌పేపర్ తడిసి ముద్దయిపోయింది. రొయ్యల లారీ వాడు గేటు దగ్గర పడేసి పోయాడట. నాన్న బావా అని పిలిచే డ్రైవరే అయ్యుంటాడు. చుట్టరికం ఏమీ లేదు, హార్బర్‌లో అందరూ బావలే.

విప్పాను. పసుపు గ్లౌజులు, ఐసులో చల్లగా. వాటి మధ్యలో గుప్పెడు ఎండు నెత్తళ్ళు.

గదిలో ఇద్దరు కిటికీలు తెరిచారు. సనతోంబి మాత్రం పరిగెత్తుకొచ్చి పొట్లంలో ముఖం పెట్టింది. వాళ్ళ ఊళ్ళో ఎండు చేప లేనిదే కూర లేదట. వంటింట్లోకి వెళ్ళి, మిరపకాయలు వేసి, తనే వేయించింది. మేమిద్దరం నేల మీద కూర్చుని తిన్నాం. ఆవిడకి తెలుగు రాదు, నాకు మణిపురి రాదు, నెత్తళ్ళకి ఏ భాషా అక్కర్లేదు.

నవ్వుతూనే ఉన్నాను కానీ, లోపల అమ్మ మీద అరిచినది గుచ్చుకుంటోంది.

ఫిబ్రవరి 17

పట్టుకున్నాను!

కార్నర్ నుంచి వచ్చిన బంతి, ముగ్గురి తలల మీంచి, రెండు చేతులతో. జారలేదు. గుండెకి హత్తుకుని కింద పడ్డాను, లేవబుద్ధి కాలేదు. తర్వాత ఇంకోటి. ఇంకోటి. నెట్టడమే లేదు.

సర్ ఏమీ అనలేదు. ఈసారి ఏమీ అనకపోతే బాగుంది.

ఫిబ్రవరి 20

ఆఖరి మ్యాచ్ అయింది. ఒక పెనాల్టీ ఆపాను, ఒకటి వదిలేశాను. వదిలేసింది నా తప్పే, ముందే దూకేశాను.

సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టారు. ఢిల్లీ, గోవా పిల్లలు ఇళ్ళకి. సనతోంబి ఖాయం. కేరళ నుంచి ఇంకో సీనియర్ నేరుగా వస్తుంది, ఆవిడా ఖాయం. మూడో కీపర్ — రీనానో, నేనో. ఇప్పుడు చెప్పరట. ఇళ్ళకి వెళ్ళి మార్చి మొదట్లో మళ్ళీ రావాలి, ఇక్కడే ఇంకోసారి చూసి, విమానం ఎక్కేముందు పేరు చదువుతారట.

రీనా, నేనూ ఒకర్నొకరు చూసుకున్నాం. ఆ పిల్ల చెయ్యి చాచింది. మంచి పిల్ల. ఎత్తు తగ్గితే ఇంకా మంచి పిల్ల.

ఫిబ్రవరి 22

ఇల్లు. అమ్మ చేపలమ్మడానికి వెళ్ళింది. నాన్న వల కడుతూ పక్కన కూర్చోమన్నాడు. అమ్మ మీద ఫోనులో అరిచావట అన్నాడు. అరిచాను అన్నాను. ఇప్పటికీ కొంచెం కోపంగానే ఉందన్నాను. ఎన్ని రూల్సు, ఏ కాలం రూల్సు!

నాన్న దారం తెంపి నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత చెప్పాడు.

"మీ సిన్నమావ ఆకరిసారి ఏటకెల్తన్నప్పుడు బీడీల కట్ట ఒగ్గేసిపోనాడు. మీ అమ్మే ఎనకనించి పిలిసి ఇచ్చింది."

చిన్నమావయ్య సముద్రంలో పోయాడని తెలుసు. నేను పుట్టకముందు. పిలిచింది ఎవరో ఇవాళే తెలిసింది.

అది పిలుపు వల్ల కాదని నాకు తెలుసు. గాలివాన వల్ల. అమ్మకి ఆ మాట ఎలా చెప్పడం? చెప్పలేదు. అమ్మ వచ్చాక గంప అందుకున్నాను, కాళ్ళకి నీళ్ళు ఇచ్చాను. ఏటే ఇవాళ ఇంత మర్యాద అంది.

ఫిబ్రవరి 25

ఇసక. మేడమ్ ఎదురుగా నిలబడి కొట్టిందే కొడుతున్నారు. మీరు కొట్టేవి నాకు లెక్కలోకి రావు మేడమ్ అంటే, వయసుకి మర్యాద ఇవ్వమ్మా అన్నారు. ముందే దూకకూడదు. ఆగాలి. కొట్టేవాళ్ళ కాలు బంతికి తగిలేదాకా ఆగాలి. నాకు ఆగడమే రాదు.

ఫిబ్రవరి 27

అమ్మ అడిగింది — ఆ బెంగాలు పిల్లకి అమ్మ ఉందా? ఉందన్నాను. అయితే ఆయమ్మ కూడా దేవుడికి మొక్కుతూ ఉంటుంది అంది. కాసేపు ఆలోచించి, సరే, మనం కూడా మొక్కుదాం, ఆయనే తేల్చుకుంటాడు అంది. మేరీ మేడమ్ ప్రభువుకి కూడా చెప్పమంది. ఎవరి దేవుడైతే ఏటి, బంతి పట్టుకుంటే సాలు.

మార్చి 1

రేపు బండి. గ్లౌజులు ఉతకలేదు, తడి పెట్టలేదు, దండెం వైపు పోలేదు. సంచీలో పైనే ఉన్నాయి. గంటకోసారి చూస్తున్నాను.

మార్చి 2

పొద్దున లేచేసరికి అమ్మ లేదు. చేపలకి పోయిందన్నాడు నాన్న. ఇవాళ కూడానా? ఒక్క పూట ఆగితే సీతమ్మధార వాళ్ళు పస్తుంటారా? కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నిజంగా వచ్చాయి, రాస్తున్నాను.

గుమ్మంలోనే గ్లౌజులు తొడిగేశాను. రెండు చేతులకీ. వీధంతా నవ్వింది. నవ్వనీ. అలాగే ఆటో ఎక్కాను, అలాగే టికెట్ చూపించాను. అమ్మ చూడాల్సింది, అమ్మ లేదు.

మార్చి 2, రైల్లో

దువ్వాడ.

ఈసారి ప్లాట్‌ఫారమ్ వైపు కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఎందుకో.

బండి ఇంకా ఆగలేదు. ప్లాట్‌ఫారమ్ ఆ చివర, బండి వెళ్ళే వైపు, అందరికంటే ముందు — నెత్తి మీద చేపల గంపతో మా అమ్మ. మాకు ఎదురుగా తిరిగి. చేపలు ఎదురైతే శుభమని గంప నిండా వేసుకుని, తెల్లారకముందే బస్సెక్కి ఉంటుంది. షిఫ్టు బస్సులకి ముందే.

నా పెట్టె అమ్మ దగ్గరికే వచ్చి ఆగింది. పక్కనున్నాయన వాసనని గొణిగాడు. గొణగనీ.

అమ్మ నా ముఖం చూడలేదు. కిటికీలోంచి చేతులు రెండూ బయటికి చాచాను. గ్లౌజుల మీద చెయ్యి వేసి, ఒక్కో వేలూ తడిమింది. ఆ రోజు గొంతులో ఆగిపోయిన మాట ఇప్పుడు ఎదురుగా నిలబడి, తాపీగా అంది.

"ఒలే రత్నా. గ్లౌజులు మర్సిపోకే."

మర్చిపోలేదమ్మా అన్నాను. అరిచినందుకు ఏదో చెప్పబోయాను. బండి కదిలింది. అమ్మ చెయ్యి తీసేసింది. ఎప్పుడొస్తావని అడగలేదు. నేనూ వెనక్కి చూడలేదు, చూడాలని మెడ లాగుతున్నా.

మార్చి 4

సనతోంబి ముందే వచ్చింది. నెత్తళ్ళు తెచ్చావా అని సైగ. తెచ్చాను.

రీనా కూడా వచ్చింది. మెళ్ళో వాళ్ళమ్మ కట్టిన తాయెత్తు.

మధ్యాహ్నం ఇద్దరికీ చెరి ఐదు పెనాల్టీలు అన్నారు సర్. రీనాకి అయిపోయాయి. మూడు ఆపింది. ఇప్పుడు నేను. గ్లౌజులు తడుపుకోవడానికి పంపు దగ్గరికి వచ్చి, ఒళ్ళో డైరీ పెట్టుకుని, తడి చేత్తో రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఈలలు వేస్తున్నారు. ముందే దూకకూడదు. ఆగాలి.

పిలుస్తున్నారు — వెనక నుంచి కాదు, ఎదురుగానే...