చిదోరి పురస్కారం: ఐదో ఏటి విజేత పేరు

సెందాయ్, 1994 జూన్ 8

గౌరవనీయులు కురమోచి గారికి నమస్కారాలు.

వానలు పట్టుకున్నాయి. మీ రేవులో అందరూ కులాసా అని తలుస్తాను. మన చిదోరి పత్రికా పురస్కారం చరిత్రను పుస్తకంగా వేస్తున్నాం. తొలి ఏడు నూడుల్స్ కొట్టు మేడమీద సభ జరగడం, మూడో ఏడు తగిన వార్తే రాలేదని జడ్జీలు ఎవరికీ ఇవ్వకుండా లేచిపోవడం, అన్నీ రాశాం. ఐదో ఏడు, 1961 దగ్గర బండి ఆగింది. విజేత పేరు విషయంలో మా ఆఫీసు రెండు ముక్కలైంది. ఇన్నాళ్ళూ అనుకున్న పేరు తప్పనీ, అసలు పేరు వేరనీ అధ్యక్షుల వారి పట్టు. నిజమేమిటో మీరే చెప్పాలి.

భవదీయురాలు,
ఒనోదెర మిజుహో
పురస్కార సంఘం కార్యాలయం

తా.క.: మీకిచ్చిన కంచు ఫలకం భద్రంగా ఉందా?


కజమ రేవు, జూన్ 11

ఒనోదెర గారికి,

ఉత్తరం అందింది. అందినప్పటి నుంచీ అన్నం సయించడం లేదు. ముప్పైమూడేళ్ళ తర్వాత ఈ పేర్ల గొడవ ఎవరు లేవదీశారమ్మా? మా పేపరు మూతపడి పదేళ్ళయింది. అప్పటివాళ్ళలో మిగిలింది నేనూ, నా ఆయాసమూ.

ఫలకం సంగతి దాచను. అది మా ముల్లంగి ఊరగాయ తొట్టి మీద బరువుగా ఉంది. ఆ సైజు రాయి మా ఊళ్ళో దొరకలేదు. వెనక్కి తీసుకుంటామంటే కడిగి పంపుతాను. వాసన పోవడం మాత్రం నా చేతిలో లేదు.

ఇట్లు,
కురమోచి

తా.క.: మీ అధ్యక్షుల వారు అంటున్న ఆ రెండో పేరు ఆడపేరు కాదు కదా? ఊరికే అడుగుతున్నాను.


సెందాయ్, జూన్ 14

గౌరవనీయులు కురమోచి గారికి,

ఫలకం వెనక్కి ఎవరడిగారండీ! హాయిగా ఊరగాయ మీదే ఉండనివ్వండి. ఆడపేరన్న ఆలోచన మాకెవరికీ తట్టనే లేదు. మీరు రాశాక ఆఫీసులో మూడో వాదన మొదలైంది. అధ్యక్షులు "ఆయన నోట వచ్చిందే అచ్చేద్దాం, త్వరగా రాబట్టు" అన్నారు. ఇరవయ్యో తేదీన పుస్తకం ప్రెస్సుకు పోతుంది.

భవదీయురాలు,
ఒనోదెర

తా.క.: మొహమాటపడకండి. ఇలాంటి పొరపాటు మరో ఇద్దరు విజేతల విషయంలోనూ బయటపడింది. వాళ్ళూ ఒప్పుకున్నారు.


కజమ రేవు, జూన్ 16

అమ్మా ఒనోదెరా,

ఆ ఇద్దరూ ఒప్పుకున్నాక నాకు మాత్రం బిగదీసుకోవడం ఎందుకు? ఆ వార్త పంపింది నేను కాదు.

ఆ ఏడు తుపానుకు మా ఊరి నాలుగు పడవలు మూడు రోజులు తిరిగి రాలేదు. పందొమ్మిది మంది. మూడోనాడు పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి, ఏ పడవలో ఎవరున్నారో రాసుకున్నాను. ఆ కాగితం మా పేపరుకు ఫోన్లో చదవమని టెలిఫోన్ ఎక్స్చేంజి కిటికీలో ఇచ్చి, సముద్రం చూద్దామని కొండెక్కుతూ జారి కాలవలో పడ్డాను. కాలు విరిగింది. సాయంత్రం దాకా నన్ను పలకరించింది ఒక పీత.

ఆ మధ్యాహ్నం ఎదురుగా ఉన్న దీవి నుంచి ఫోను వచ్చింది. పడవలు అక్కడ తల దాచుకున్నాయట. లైను మీద ఉన్న అమ్మాయి కినుయె వెంటనే మా పేపరుకు కలిపి "కురమోచి గారి తరఫున చెబుతున్నాను, రాసుకోండి. పందొమ్మిది మందీ బతికే ఉన్నారు" అంది. అన్ని పేర్లూ చెప్పింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. మా వీధిలో ఒకావిడ అప్పటికే మొగుడి ఫొటో ముందు అగరొత్తులు వెలిగించింది. ఆర్పేసి, ఆ ఫొటోను పట్టుకుని చెడామడా తిట్టింది.

లైనులో విన్నది బయట చెబితే ఆపరేటరు ఉద్యోగం ఊడుతుంది. అందుకని నోరు మూసుకుని పురస్కారం పుచ్చుకున్నాను. మరుసటి వసంతంలో కినుయెను పెళ్ళి చేసుకున్నాను. అప్పటి నుంచీ ఎవరు పొగిడినా గొంతులో చేపముల్లు. ఆవిడ కూడా రిటైరయింది. నా పేరు కొట్టేసి ఆవిడ పేరు వేయండి.

ఇట్లు,
కురమోచి

తా.క.: నేనిలా రాసినట్టు ఆవిడకు తెలియదు. తెలిస్తే రెండో కాలు విరుగుతుంది.


సెందాయ్, జూన్ 18

గౌరవనీయులు కురమోచి గారికి,

మీ ఉత్తరం కన్నా ముందే మీ శ్రీమతి ఫోను వచ్చింది. "మా ఆయన ఏదో నేరం ఒప్పుకుంటున్న మొహంతో పోస్టాఫీసుకు వెళ్ళారు. ఏం రాశారో చదవండి" అన్నారు. ఉత్తరం అందాక మేమే ఫోను చేసి చదివి వినిపించాం.

చివరిదాకా విన్నారు. తర్వాత ఇలా అన్నారు: "పిచ్చి మనిషి! ఆరోజు దీవి లైను ఒకటే గరగర. సగం పేర్లు వినపడనే లేదు. ఈయన రాసిచ్చిన కాగితం ముందుంది కనుక టిక్కు పెట్టుకుంటూ పోయాను. ఇల్లిల్లూ తిరిగింది ఆయన, గొంతు నాది. ఈ మాట ఆనాడే జడ్జీల పెద్దకు చెప్పాను. ఆ పెద్దాయన పేపరుకు చేసిన ఫోను కలిపింది నేనే కదా! 'మీ ఉద్యోగం ముఖ్యమమ్మా, పేరు ఆయనదే వేస్తాం' అన్నారు."

కాబట్టి మీరు ఎవర్నీ మోసం చేయలేదు. పుస్తకంలో ఇద్దరి పేర్లూ వేస్తున్నాం. ఇక చేపముల్లు తీసి అన్నం తినండి.

ఇంతకీ నేనడిగింది ఇదేమీ కాదండీ. ఇంటిపేరు సరే, మీ సొంత పేరు రాసే చైనా అక్షరాలను తెయిజో అనీ చదవొచ్చు, సదజో అనీ చదవొచ్చు. ఏది సరైనదని మాత్రమే మా గొడవ. ఆ ఇద్దరూ ఒప్పుకున్నది కూడా తమ పేరు ఎలా పలకాలో!

భవదీయురాలు,
ఒనోదెర

తా.క.: మీ రెండు ఉత్తరాల్లోనూ అది మాత్రం చెప్పలేదు. శ్రీమతి గారిని అడిగితే పగలబడి నవ్వి, "ముప్పైరెండేళ్ళుగా నేను 'ఏవండీ' అనే పిలుస్తున్నాను, ఆయన్నే అడగండి" అని ఫోను పెట్టేశారు.