పాత కళ్లద్దాలు

మావా,

నిద్రపోతున్నావని లేపలేదు. అంగన్‌వాడీ ట్రైనింగుకి పాడేరు వెళ్తున్నాను, పది రోజులు. కళ్లు చికిలించకుండా చదువుతావని పెద్ద అక్షరాలతో రాశాను. చోడి అంబలి కుండలో ఉంది. కంట్లో చుక్కలు రోజుకి నాలుగుసార్లు వేసుకో. ఇసుక పడ్డట్టు గరగరలాడినా నలపకు. లేజర్ చేయించుకుంటే కొన్నాళ్లు కళ్లు అలా పొడిబారతాయని డాక్టరు చెప్పాడు కదా. లైట్ల చుట్టూ వలయాలు కనబడటం తగ్గేదాకా చీకటి పడ్డాక ఘాట్‌లో జీపు నడపొద్దు. అత్త "పసరేత్తే బేగి తగ్గిపోద్ది" అంటూ నిన్న ఆకులు తెచ్చింది. వాటిని నేనే పొయ్యిలో పడేశాను. తిడితే నన్నే తిట్టమను.

మంచుకి కళ్లద్దాలు మసకేస్తున్నాయన్నావు, ఆపరేషన్ మంచిదే. కానీ ఇంటికొచ్చి మూడు రోజులైంది, వాకిట్లో కూర్చుని అవతలి కొండ మీద చెట్లు లెక్కపెడుతున్నావు. ఇదివరకు అద్దాలు తీసేస్తే నా ముఖం కనబడటానికి దగ్గరికొచ్చేవాడివి. ఇప్పుడు వాకిట్లోంచే కనబడుతున్నాను కాబోలు.

లిదియా

పాత కళ్లద్దాల కోసం వెతక్కు. నా సంచిలో ఉన్నాయి. రోజూ కొంగుతో తుడిచేదాన్ని, ఈసారి నీ వేలిముద్రలు అలాగే ఉంచేశాను.