తెల్ల దుప్పట్ల ఇల్లు

లచ్చుమప్పా,

నువ్వు పలాస స్టేషన్ అరుగు మీద చలికి చచ్చిపోయి ఇవాళ్టికి ఏడాది. పెద్దమనుషులకు ఇన్నాళ్లకు జాలి పుట్టుకొచ్చింది. నిలవ నీడ లేని ఆడవాళ్ల కోసమని స్టేషన్ వెనక ఒక వసతిగృహం కట్టి, దానికి నీ పేరే పెట్టారు. ఇవాళ ప్రారంభం. టీలు నా కొట్టు నుంచే వెళ్లాయి.

నిన్ను ఆ అరుగు మీంచి ఎన్నోసార్లు తరిమించిన మహానుభావుడే రిబ్బను కత్తిరించి, “లచ్చుమమ్మ మా అమ్మలాంటిది” అన్నాడు. ఉమ్మేయాలనిపించింది. చేతిలో టీ గ్లాసులున్నాయని ఆగాను.

చప్పట్లయ్యాక, నీ పక్కన పడుకునే నీలమ్మ మూట పట్టుకుని లోపలికి వెళ్లబోయింది. వార్డెనమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

“ఆ సేతులేటే అలా నల్లగున్నాయి? తెల్ల దుప్పట్లు పాడైపోవా? కడుక్కుని రా.”

“జీడిపిక్కల సొనమ్మా ఇది. కడిగితే పోదు, తోలు ఊడితేనే పోద్ది.”

“అయితే ఊడినాకే రా!”

పలాసలో పుట్టిన మనిషి, చేతిలో జీడిపప్పు ఉప్మా ప్లేటు పెట్టుకుని మరీ అందా మాట. పిచ్చి నీలమ్మ కుళాయి కింద ఇసుకతో రక్తం వచ్చేదాకా రుద్దుకుంది. ఆ తర్వాత మూట తీసుకుని మళ్లీ మీ అరుగుకే పోయింది.

నీకు మాత్రం లోపల చోటిచ్చారులే. హాల్లో దండేసి పెట్టిన ఫొటో నీదే. జీడి ఫ్యాక్టరీలో అందరితో కలిసి తీయించుకున్నావే, అది. చేతులు కనబడకుండా మెడ దగ్గరికి కత్తిరించారు.