యాడి చెయ్యెత్తిన రోజు

జూలై 8, 2024. సోమవారం

కోదాడ. డిగ్రీ సెకండియర్‌కు ప్రజాస్వామ్య సామ్యవాదం యూనిట్ మొదలుపెట్టాను. పదిహేనేళ్లుగా చెప్తున్న పాఠమే. సంపద కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోకూడదు. బడి, దవాఖాన, నీళ్లు, కరెంటు అందరివీ కావాలి. ఆ మార్పు తుపాకీతో కాదు, ఓటుతో రావాలి. బోర్డు మీద రాశాను. పిల్లలు నోట్స్ రాసుకున్నారు.

చివర్లో అభినవ్ లేచాడు. మిర్యాలగూడలో వాళ్లకు రైస్ మిల్లుంది. "అంటే మా మిల్లు గుంజుకుంటరా మేడం?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అతను నవ్వలేదు. బెల్ కొట్టారు. తర్వాత చెప్తానన్నాను.

జూలై 9

చెప్పలేదు. తలనొప్పి అని లీవ్ పెట్టాను.

జూలై 11. సాయంత్రం, ఆరున్నర

సూర్యాపేట బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పక్కింట్లో వడ్లు ఉడకబెడుతున్నారు. ఆ వాసనకు గేటు దగ్గరే నిలబడిపోయాను.

మా ఇంట్లో అమ్మను యాడి అంటాం. మా యాడి పేరు ద్వాళి. నడిగూడెం దగ్గరి తండా నుంచి మిర్యాలగూడ మిల్లుకు పనికొచ్చింది. ఉడికిన వడ్లను సిమెంటు కళ్లం మీద పరిచి, ఆడవాళ్లు వరసగా నడుస్తూ కాళ్లతో తిరగేసేవాళ్లు. మధ్యాహ్నానికి ఆ సిమెంటు పెనంలా కాలేది. యాడి తలలో ఎప్పుడూ ఉడికిన వడ్ల వాసనే. ఆ తలలో మొహం పెట్టి నిద్రపోయేదాన్ని.

ఆదివారాలు యూనియన్ ఆఫీసులో రామనర్సయ్య కాక పేపర్ చదివేవాడు. ఆయన హమాలీ, యూనియన్ సెక్రటరీ. ఆడవాళ్లు ప్రతి వార్తకూ అర్థం అడిగేవాళ్లు. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. ఈ సబ్జెక్టు నేను మొదట విన్నది అక్కడే, యాడి ఒళ్లో కూర్చుని మరమరాలు తింటూ.

నాకు పన్నెండేళ్లప్పుడు సమ్మె జరిగింది. కళ్లం దగ్గర నీడ కావాలి, చంటిపిల్లలకు గది కావాలి, ఏదైనా యజమాని యూనియన్‌తోనే మాట్లాడాలి అని. పంతొమ్మిది రోజులు నడిచింది. గది రాకుండానే ఖతం అయింది. మర్నాడు గేట్లోకి అందరికన్నా ముందు నడిచింది యాడి.

భయపడ్డవ్ అన్నాను, అందరి ముందు. నేను చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను గానీ, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆమె పోయి మూడేళ్లు.

జూలై 14. ఆదివారం

మిర్యాలగూడ వెళ్లాను. అభినవ్ ప్రశ్నకు రామనర్సయ్య కాక అయితే ఏం చెప్తాడో అడగాలని. రైల్వే స్టేషన్ వెనక కూతురింట్లో ఉంటున్నాడు. చూపు తగ్గింది. గొంతు పట్టి గుర్తుపట్టాడు.

ప్రశ్న విని నవ్వాడు. "ఐదేండ్లకోసారి ఓటేస్తం బిడ్డా. గా ఓటు మిల్లు గేటు బయటనే ఆగిపోతే ఎట్ల? లోపట గూడ మన మాట సాగాలె. గంతే" అన్నాడు.

తర్వాత యాడి గురించి చెప్పాడు. నాకు తెలియని సంగతి.

యజమాని నీడకు, నీళ్లకు ఒప్పుకున్నాడట. గదికి, యూనియన్‌కు ఒప్పుకోలేదట. పనిలోకి పోవాలా వద్దా అని మీటింగ్ పెట్టారు. ఓటు యూనియన్ మెంబర్లయిన మగ హమాలీలకే. వాళ్లలో ఎక్కువమంది సమ్మె ఆపొద్దనేవాళ్లే, యాడి మాటా అదే. అయినా ఆమె లేచి, సమ్మెలో ఆడోళ్లమూ ఉన్నం కదా, మా చేతులు లెక్కకు రావా అని అడిగింది. కాక ఆమెను పక్కకు పిలిచాడు.

"'ద్వాళీ, ఆడోళ్ల ఇండ్లల్ల పొయ్యి రాజుకుంటలేదు. ఆళ్లు చెయ్యెత్తితే మనం ఓడిపోతం' అన్న నేను. 'ఓడిపోదం అన్నా, ఆకలి ఆళ్లది గూడ' అన్నది మీ అమ్మ."

ఆడవాళ్లూ చెయ్యెత్తారు. సమ్మె కొనసాగాలన్నవాళ్లు ఏడు చేతుల తేడాతో ఓడిపోయారు. పనిలోకి పోవద్దని చెయ్యెత్తిన యాడి, మర్నాడు అందరికన్నా ముందు పనిలోకి పోయింది. అందరం కలిసి తీసుకున్న నిర్ణయం అని.

కాక ఇంకా ఏదో అడిగాడు. వినలేదు నేను.

జూలై 15

బోర్డు మీద ఏమీ రాయలేదు. యాడి గురించి చెప్పాను. క్లాసులో ఎవరూ ఫోన్ తీయలేదు.

అభినవ్‌కు జవాబు చెప్పాను. ప్రజాస్వామ్య సామ్యవాదుల్లో కొందరు మిల్లు కార్మికుల కోఆపరేటివ్ కావాలంటారు. కొందరు బడి, దవాఖాన లాంటివి ప్రభుత్వం చేతిలో ఉంటే చాలు, మిల్లు మీకే ఉండనీ అంటారు. ఎంతవరకు అన్న దగ్గర వాళ్లలో వాళ్లకే తగువు. కానీ పనిచేసేవాళ్ల మాట లెక్కలోకి రావాలని, ఆ మార్పును బలవంతంగా కాకుండా నలుగురినీ ఒప్పించి తేవాలని అందరూ అంటారు. ఓడినా సరే.

ఆ ఆడవాళ్లు ఏమయ్యారని వైష్ణవి అడిగింది. ఆ రోజు నుంచి యూనియన్ మెంబర్లు అయ్యారు. గది రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నా తర్వాత పుట్టిన పిల్లలు అందులో పడుకున్నారు.

క్లాసయ్యాక అభినవ్ స్టాఫ్ రూమ్ దాకా వచ్చాడు. "మా కళ్లం కాడ గూడ నీడ లేదు మేడం" అన్నాడు.

జూలై 20

బస్సులో యాడితో మాట్లాడాను, ఆ పాత మాట వెనక్కి తీసుకుంటూ, మా తండా భాషలో, పైకే. పక్క సీటామె ఫోన్ మాట్లాడుతున్నాననుకుని, జరిగి చోటిచ్చింది.